నేటి కాళ్లతో పరుగు



మా దుర్గిలో తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు వీధిలోనికి వచ్చినవారికి ఒక చప్పుడు వినబడును. మిరప చేలకు పోవు స్త్రీలు ఇంకను సద్దిమూటలు కట్టుకొనకమునుపే, టీ కొట్టులో పొయ్యి వెలిగింపకమునుపే, మాచెర్ల పోవు రోడ్డుమీద చీకటిలో కాళ్ల చప్పుడు. నలుగురైదుగురు యౌవనస్థులు సెల్‌ఫోను వెలుతురు ముందునకు పట్టుకొని రొప్పుచు పరుగెత్తుచుందురు. వీరు పతకముల కొరకు పరుగెత్తువారు కారు. ఇంటికి ఒక ఉద్యోగము తేవలెనని పరుగెత్తువారు. పోలీసు కానిస్టేబులు కావలెనన్న మన రాష్ట్రములో పురుషుడు 1600 మీటర్లు 8 నిమిషములలో పరుగెత్తవలెను. సైన్యములో చేరవలెనన్నను దూరము అంతే. అక్కడ 5 నిమిషముల 30 సెకండ్లలో ముగించినవానికి పూర్తి మార్కులు. 400 మీటర్ల బాటమీద 4 చుట్లు. చెప్పుటకు చిన్న మాట. పరుగెత్తువానికి తెలియును.

ఈ పరుగును చూచుచుండగా నా మనస్సులో ఒక ప్రశ్న పుట్టినది. ఒకప్పుడు బాగుగా పరుగెత్తి, ఏదో కారణముచేత కొంతకాలము ఆగిపోయినవాడు, మరల పరుగెత్తదలచినపుడు ఎక్కడనుండి మొదలుపెట్టవలెను? తాను విడిచిపెట్టిన చోటునుండియా, లేక తాను నేడు నిలిచియున్న చోటునుండియా? ఇది కాళ్లకు సంబంధించిన ప్రశ్నవలె కనబడును. కాని ఇది మనస్సాక్షికిని సంబంధించిన ప్రశ్నయే అని నేను నేర్చుకొంటిని. నేర్చుకొనకమునుపు ఒక తప్పు చేసితిని. ఆ తప్పు దాచక చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

జరిగినది ముందుగా చెప్పెదను. 2022 నవంబరులో మన రాష్ట్రములో 6,100 కానిస్టేబులు ఉద్యోగములకు ప్రకటన వెలువడెను. 2023 జనవరి 22వ తేదీన ప్రాథమిక వ్రాతపరీక్ష జరిగెను. దానిలో 95,000 మందికి పైగా నెగ్గిరి. పిల్లలు ‘ఈవెంట్లు’ అని పిలుచుకొను దేహదారుఢ్య పరీక్షలు ఆ మార్చి నెలలోనే జరుగవలసియుండెను. శాసనమండలి ఎన్నికలు వచ్చినందున అవి నిలిపివేయబడెను. అటుపిమ్మట అవి ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, 2024 డిసెంబరు 30వ తేదీ వరకు మొదలు కాలేదు. 21 నెలలు గడిచెను. అంతకుముందు సైన్యమునకు సిద్ధపడినవారి గతియు ఇటువంటిదే. కోవిడ్ కారణముగా 2020-21, 2021-22 సంవత్సరములలో సైన్యపు నియామకములు నిలిచిపోయెను. దేశమంతట లక్షలాది పల్లెటూరి బిడ్డలు సిద్ధపడి, ఎదురుచూచి, ఆగిపోయిరి.

అట్లు ఆగినవారిలో మా సంఘపు బిడ్డ ఒకడుండెను. పేరు చెప్పను. 2023 మొదట అతడు మా మందిరపు గేటునుండి బయలుదేరి, మోటారు సైకిలు మీటరుతో కొలిచి గుర్తుపెట్టుకొన్న 800 మీటర్ల రాయి వరకు పోయి తిరిగి వచ్చుటకు 6 నిమిషముల 10 సెకండ్లు పట్టుచుండెను. పరీక్ష వాయిదా పడెను. ఆ యేడు చేలో పెట్టిన పెట్టుబడి తిరిగి రాలేదు. తండ్రి అప్పు తీర్చుటకు హైదరాబాదు పోయి మోటారు సైకిలుమీద ఇంటింటికి భోజనపు పొట్లములు చేర్చు పనిలో చేరెను. పగలంతయు బండిమీద కూర్చుండుట, అర్ధరాత్రి తినుట, తెల్లవారినను లేవకుండుట. 2024 నవంబరులో రెండవ విడత దరఖాస్తులు పిలిచినప్పుడు ఉద్యోగము మాని ఊరికి వచ్చెను. నడుము లావైయుండెను. చేతిలో దాదాపు రెండు నెలల కాలముండెను.

మొదటి దినమున అతడు తన పాత వేగముతోనే బయలుదేరెను. రాయి చేరకమునుపే ఊపిరి ఆగిపోయినట్లాయెను. నడిచి, పరుగెత్తి, మరల నడిచి, తొమ్మిదిన్నర నిమిషములకు గేటు చేరి అక్కడనే వాంతి చేసుకొనెను. ఆ సాయంకాలము నాయొద్దకు వచ్చెను.

“అయ్యగారూ, నా కాళ్లు నావి కాదన్నట్టున్నాయండీ. రెండేళ్ల కింద నేనే గదా పరిగెత్తింది?”

నేను అతనికి ధైర్యము చెప్పదలచితిని. “నాయనా, దేవునియందు నమ్మకముంచి తెగించి పరుగెత్తు. అప్పుడు చేసినవాడివి ఇప్పుడు చేయలేవా? మనస్సు గట్టిగా ఉంటే కాళ్లు అవే వస్తాయి,” అంటిని. ఈ మాటలు ప్రసంగవేదికమీద బాగుగానే ఉండును. అతడు వాటిని నమ్మి పది దినములు పళ్లు బిగబట్టి ఉదయము ఒకసారి, సాయంకాలము ఒకసారి పరుగెత్తెను. ఊపిరి కొంత కుదుటపడెను గనుక నేనును సంతోషించితిని. పదకొండవ దినమున మోకాలి క్రింద ముందరి ఎముక పట్టుకొని మా యింటి అరుగుమీద కూలబడెను. కాలు నేలమీద మోపలేకపోయెను. ఆ నొప్పిలో కొంతభాగము నా మాటవలన కలిగినదని నాకు తెలిసెను. తెలియని సంగతిలో ఉత్సాహము చెప్పుట సులభము. దాని వెల మాత్రము వినినవాడు చెల్లించును.

అతనిని ఒక డాక్టరుగారియొద్దకు తీసికొనిపోతిని. ఎముక విరుగలేదు, విరుగుటకు ముందు గుర్తు ఇదియే అని చెప్పి ఆయన అతనికంటె నాకే ఎక్కువగా బోధించెను. “పాస్టరుగారూ, పరుగు మానినవాడు మళ్లీ మొదలుపెట్టినప్పుడు గుండె, ఊపిరితిత్తులు తొందరగా దారికొస్తాయి. కొన్ని వారాలు చాలు. ఎముకలు, కండను ఎముకకు పట్టి ఉంచే నరాలు అట్లా కాదు. వాటికి నెలలు కావాలి. ఊపిరి బాగుంది గదా అని పరిగెత్తేవాడి కాలే విరుగుతుంది,” అనెను. ఆ మాటను నేను మరువలేదు. ఊపిరి ముందు వచ్చును, ఎముక వెనుక వచ్చును.

ఇంటికి వచ్చిన తరువాత ఈ విషయమై పండితులు ఏమి కనుగొనిరో చదివితిని. మీకును ఉపయోగపడును గనుక రెండు సంగతులు వ్రాయుచున్నాను.

1984లో ఎడ్వర్డ్ కోయిల్ అను అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడును ఆయన తోటివారును, యేండ్లతరబడి సాధన చేసిన ఏడుగురిచేత 84 దినములు సాధన మాన్పించి పరీక్షించిరి. మనిషి కష్టపడునప్పుడు దేహము ఎంత ప్రాణవాయువును వాడుకొనగలదో అదియే దూరపు పరుగునకు మూలధనము. మొదటి మూడు వారములలోనే అది నూటికి 7 వంతులు తగ్గెను. ఎనిమిది వారములకు 16 వంతులు తగ్గి, అక్కడ నిలిచెను. అయితే సాధనవలన వారి కండలలో ఏర్పడిన సన్నని రక్తనాళములు 84 దినముల తరువాతను అట్లే నిలిచియుండెను. పోయినది చాల ఉన్నది, అంతయు పోలేదు. ఎన్నడును పరుగెత్తనివానికంటె వీరు ఇంకను మేలుగానే ఉండిరి.

రెండవది ఇంకను ఆశ్చర్యమైనది. 1966లో డాలస్ నగరమందు 20 ఏండ్ల విద్యార్థులు ఐదుగురిని 20 దినములు మంచముమీదనే పరుండజేసిరి. లేచిన తరువాత చూడగా వారి దేహశక్తి నాలుగవ వంతుకు పైగా పడిపోయెను. తరువాత ఎనిమిది వారములు సాధన చేయించగా పోయినది తిరిగి వచ్చెను, మునుపటికంటెను పెరిగెను. 30 ఏండ్లు గడిచెను. 1996లో ఆ ఐదుగురినే, 50 ఏండ్ల వయస్సులో, మరల పిలిపించి పరీక్షించిరి. 30 ఏండ్ల వయోభారము చేసిన నష్టము, యౌవనములో 20 దినములు మంచము చేసిన నష్టమంత లేదు! అంతట ఆరు నెలలు మెల్లగా నడక, నెమ్మది పరుగు, సైకిలు చేయించగా, 20 ఏండ్ల వయస్సులో మంచమెక్కకమునుపు ఉండిన స్థితికి వారు చేరిరి. అయితే యౌవనములో సాధన చేసిన పిమ్మట అందుకొన్న ఎత్తును మాత్రము వారిలో ఒక్కడైనను మరల అందుకొనలేదు.

నావలె ఏబది దాటినవారలారా, ఈ సంగతిని రెండు చేతులతో పట్టుకొనుడి. తిరిగివచ్చుట సాధ్యమే. అయితే తిరిగివచ్చుట అనగా పోయినదంతయు అక్షరాలా చేతికి వచ్చుట కాదు. దేహము మనకు అబద్ధము చెప్పదు, మనలను నిరాశపరచదు కూడ.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వచ్చెదను. ఆగిపోయినవానికి పెద్ద శత్రువు ఎవరు? సోమరితనమని నేను అనుకొనుచుంటిని. కాదు. సోమరివాడు తిరిగి రానే రాడు. తిరిగివచ్చినవానికి పెద్ద శత్రువు అతని జ్ఞాపకమే. 6 నిమిషముల 10 సెకండ్లు అను అంకె మా బిడ్డకు బహుమానము కాక యజమానుడైపోయెను. ప్రతి ఉదయమును ఆ అంకె అతనికి ముందుగా పరుగెత్తి, వెనుకకు తిరిగి వెక్కిరించుచుండెను. అతడు నేటి రోడ్డుమీద నేటి దేహముతో పరుగెత్తుట మాని, రెండేండ్ల క్రిందటి తనతో పందెము వేసికొనెను. ఆ పందెములో ఎవడును గెలువలేడు. ఏలయనగా అక్కడ పరుగెత్తువాడు మనిషి కాదు, ఒక నీడ.

దీనిలో అణకువలేనితనము కూడ దాగియున్నది. “నేను ఇంతవాడను” అని చెప్పుకొనుచు, నేడు అంతవాడను కానని ఒప్పుకొనకపోవుట సత్యమును ద్వేషించుటయే. నెమ్మదిగా పరుగెత్తునప్పుడు దారిలో ఎవరైన చూచుదురేమో అని అతడు సిగ్గుపడుచుండెను. గురువారపు కూటములో రెండేండ్లు ప్రార్థింపనివాడు లేచి నోరు తెరచుటకు సిగ్గుపడుట నాకు తెలియును. మునుపు పాటలు పాడించినవాడు వెనుక వరుసలో కూర్చుండి పెదవులు మాత్రము కదల్చుట నేను చూచితిని. తక్కువగా మొదలుపెట్టుటకంటె మొదలుపెట్టకుండుటయే మర్యాద అని మనకు తోచును. అది మర్యాద కాదు, గర్వము.

మా ఊరు రాతిశిల్పములకు పేరు పొందినదని మీలో అనేకులకు తెలియును. ఒక వృద్ధ శిల్పి జ్వరముతో మూడు నెలలు ఉలి ముట్టక, తిరిగి పనికి కూర్చుండెను. ఆయన మొదట ముఖము చెక్కలేదు, పీఠమును చదును చేయుచుండెను. కారణమడిగితిని. “చెయ్యి మరిచిపోలేదండీ. కాని చేతికి ఇప్పుడు ఎంత బలముందో నాకు తెలవదు. తెలిసేదాకా ముఖం మీద ఉలి పెట్టకూడదు,” అనెను. నాకంటె ఆ శిల్పి మంచి వేదాంతి.

మా బిడ్డ ఇంకొక ప్రశ్న వేసెను. ఇది బరువైన ప్రశ్న. కాలు చాపుకొని అరుగుమీద కూర్చుండి ఇట్లనెను: “అయ్యగారూ, ఆగిపోవటంలో నా తప్పేముందండీ? పరీక్ష వాయిదా వేసింది నేను కాదు. అప్పు చేసింది నేను కాదు. ఖాళీగా కూర్చోలేదు, పని చేశాను. మరి శిక్ష నాకెందుకండీ?”

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఒకసారి తొందరపడి చెప్పి చూచితిని గదా. రాత్రి ఆలోచించగా అతని మాటలో రెండు ప్రశ్నలు ఒకదానితో ఒకటి పెనవేసికొని యున్నవని తోచెను. “నేరము ఎవరిది?” అనునది ఒకటి. “నేడు నాలో ఏమి మిగిలియున్నది?” అనునది రెండవది. మొదటిదానికి న్యాయముగా జవాబు చెప్పవలెను, అతడు నిర్దోషి. అప్పు తీర్చుటకు పోయిన కుమారుని దేవుడు గాని మనుష్యులు గాని నిందింపకూడదు. అయితే కాలి ఎముక న్యాయాధిపతి కాదు. అది ఎవరు నిర్దోషియో విచారించి బలపడదు. సోమరితనముచేత ఆగినవాడును, తల్లి సేవకొరకు ఆగినవాడును, జ్వరముచేత ఆగినవాడును ఒకే రోడ్డుమీద, ఒకే నెమ్మదితో మొదలుపెట్టవలెను.

దీనిని శిక్ష అనుకొనినవాడు కోపముతో పరుగెత్తి దెబ్బతినును. తప్పు తనదేయైనవాడు దీనిని ప్రాయశ్చిత్తము అనుకొని, తన్ను తాను దండించుకొనుచు పరుగెత్తి అట్లే దెబ్బతినును. ఇద్దరును పొరపడినవారే. నెమ్మదిగా మొదలుపెట్టుట శిక్ష కాదు, దారి మాత్రమే. క్షమాపణ నేరమును తీసివేయును. నడువవలసిన మైళ్లను తీసివేయదు. త్రాగుడు మానినవాడు క్షమింపబడిన దినముననే భార్య నమ్మకమును పొందలేడు. క్షమాపణ ఒక్క ఘడియలో వచ్చును. నమ్మకము ఎముకవలె పెరుగును. మారుమనస్సు పొందిన మొదటి వారములలో మనకు ఎంతో ఊపిరి ఉండును. పాటలు పాడుదుము, సాక్ష్యము చెప్పుదుము, ఇక ఎన్నడును పడిపోమని అనుకొందుము. ఆ సమయముననే అధిక భారము వేసికొని విరిగిపోయినవారిని ఈ ముప్పది ఏండ్ల పరిచర్యలో నేను లెక్కించలేను. ఊపిరి ముందు వచ్చును, ఎముక వెనుక వచ్చును.

తొందరపాటు ప్రాణము తీయగలదని కూడ చెప్పుట నా విధి. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలలలో జార్ఖండ్ రాష్ట్రములో ఎక్సైజు కానిస్టేబులు ఉద్యోగములకు 10 కిలోమీటర్లు 60 నిమిషములలో పరుగెత్తు పరీక్ష పెట్టగా పదిమందికి పైగా అభ్యర్థులు మరణించిరి. 2025 జనవరి మొదట మన మచిలీపట్నములో 1600 మీటర్ల పరుగు పరీక్షకు వచ్చిన ఒక యువకుడు కుప్పకూలి చనిపోయెను. ఈ మరణములలో ఒక్కొక్కదానికి కారణమేమో వైద్యులు చెప్పవలసినది. చనిపోయిన బిడ్డలమీద నేను తీర్పు తీర్చను. అయితే తల్లిదండ్రులతో ఒక మాట చెప్పుచున్నాను. ఛాతీలో నొప్పి, కన్నులు తిరుగుట, కాలిలో ఒకే చోట పోటు అని బిడ్డ చెప్పినప్పుడు “మగపిల్లవాడవు, ఓర్చుకో” అనకుడి. ఆగుమని చెప్పుడి. శక్తి వచ్చునని ఎవడైన మాత్రగాని సూదిగాని చేతిలో పెట్టినయెడల పారవేయుడి. ఉద్యోగము మరల వచ్చును.

ఇట్టి తిరుగుదారిని గూర్చి లేఖనములలో ఒక చరిత్ర యున్నది. పౌలు కొరింథులో ఏడాదిన్నర నివసించెను. ఆ పట్టణపు సమీపమున ఇస్త్మియాలో రెండేండ్లకొకసారి గొప్ప పందెములు జరుగుచుండెను. గెలిచినవానికి దక్కునది వాడిపోవు ఆకుల కిరీటము. ఆ ఊరివారికి వ్రాయునప్పుడు ఆయన పరుగుపందెమును ఉపమానముగా తీసికొనుటలో ఆశ్చర్యము లేదు. అయితే ఆ పౌలుతో బయలుదేరిన యోహాను మార్కు అను యౌవనస్థుడు పంఫూలియలో పరిచర్య విడిచి యింటికి వెళ్లిపోయెను. ఎందుకో గ్రంథము చెప్పలేదు. తరువాతి ప్రయాణమునకు అతనిని తీసికొనిపోవుటకు పౌలు ఒప్పుకొనలేదు. ఆ విషయమై బర్నబాకును ఆయనకును తీవ్రమైన వివాదము కలిగి ఇద్దరును విడిపోయిరి.

బర్నబా ఏమి చేసెను? మార్కును వెంటబెట్టుకొని కుప్రకు ఓడనెక్కెను. కుప్ర బర్నబా స్వస్థలము. మార్కు మొదటి ప్రయాణములో విడువక నడిచిన నేల అదియే. అనగా కొత్త దేశమునకు, కఠినమైన కొండదారికి కాదు, తెలిసిన ద్వీపమునకు, ఒకప్పుడు చక్కగా నడిచిన దారికే అతనిని తీసికొనిపోయెను. ఆయన మార్కును తొందరపెట్టినట్లును కనబడదు, విడిచిపెట్టినట్లును కనబడదు. యేండ్లు గడిచిన తరువాత, చెరసాలలో ముసలివాడైన పౌలు, మార్కును తోడుకొనిరమ్మని, అతడు తనకు ఉపయోగపడునని తిమోతికి వ్రాసెను. ఒకప్పుడు వద్దన్న నోరే రమ్మనెను. ఆ రెంటి నడుమ కనబడక జరిగినది బర్నబా ప్రక్కన నెమ్మదిగా నడిచిన నడక.

డాక్టరుగారు చెప్పినట్లు మా బిడ్డ మొదట ఒక వారము నడిచెను, పరుగెత్తలేదు. పిమ్మట దినము విడిచి దినము నాలుగు నిమిషముల నడక, ఒక నిమిషపు పరుగు. ప్రక్కవానితో మాటలాడగలిగినంత నెమ్మదిగా మాత్రమే పరుగెత్తవలెనని నియమము. ప్రక్కన మాటలాడుటకు ఒకడు కావలెను గదా! నేనే పోతిని. ధోవతి కట్టువాడను, పిల్లలు తెచ్చియిచ్చిన బూట్లు వేసికొని చీకటిలో అతని ప్రక్కన అడుగులు వేసితిని. నా వేగమునకు తగ్గి పరుగెత్తుట అతనికి పెద్ద పాఠమాయెను. నాకును చెడ్డ సలహాకు తగిన ఫలమాయెను! మూడవ వారమునకు పది నిమిషములు ఆగక పరుగెత్తెను, నాలుగవ వారమునకు ఇరువది నిమిషములు. అటుపిమ్మట నన్ను విడిచి వారమునకు రెండు దినములు మాత్రము 400 మీటర్లను 2 నిమిషములకు కొంచెము తక్కువగా పరుగెత్తి, నడిచి, మరల పరుగెత్తెను. ఎనిమిది నిమిషములకు నాలుగు చుట్లు అనగా చుట్టుకు రెండు నిమిషములే గదా. 6 నిమిషముల 10 సెకండ్లు అను మాట అతని నోట నేను మరల వినలేదు.

1956లో మెల్బోర్న్ ఒలింపిక్ పందెములలో జరిగిన ఒక సంగతిని ఆ దినములలో అతనికి చెప్పితిని. చెకోస్లొవేకియా దేశస్థుడైన ఎమిల్ జాటోపెక్ 1952లో హెల్సింకిలో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాను, ఈ మూడును ఒక్క ఒలింపిక్స్‌లోనే గెలిచెను. ఆ కార్యము మరి యెవడును చేయలేదు. నాలుగేండ్ల తరువాత మెల్బోర్న్ మారథానుకు కొన్ని వారముల ముందు ఆయనకు హెర్నియా శస్త్రచికిత్స జరిగి సాధన ఆగిపోయెను. అయినను పరుగెత్తి ఆరవవాడుగా ముగించెను. ఆ దినమున గెలిచినవాడు ఫ్రాన్సు పక్షమున పరుగెత్తిన అలైన్ మిమూన్. అనేక పందెములలో జాటోపెక్ వెనుక రెండవవాడుగా నిలిచినవాడు. ఆయన గీత దగ్గర నిలువబడి స్నేహితుని కొరకు ఎదురుచూచెను. జాటోపెక్ అలసి వచ్చి, తన స్నేహితుడు గెలిచెనని విని, టోపీ తీసి వందనము చేసి కౌగిలించుకొనెను. తన పాత కీర్తితో పోల్చుకొనినయెడల ఆయనకు ఆరవ స్థానము అవమానము. ఆ దినపు దేహముతో పోల్చుకొనెను గనుక మరియొకని సంతోషములో పాలుపొందుటకు ఆయన మనస్సులో చోటు మిగిలియుండెను. తనతోనే పందెము వేసికొనువానికి ఇతరుల గెలుపు చూచుటకు కన్నులుండవు.

2025 జనవరిలో గుంటూరు పోలీసు కవాతు మైదానములో మా బిడ్డ పరుగెత్తెను. మొదటి చుట్టులోనే ఇరువదిమంది అతనిని దాటి పోయిరట. పాత దినములైనయెడల వారి వెంటబడి యుందును అని చెప్పెను. వెంటబడలేదు. మూడవ చుట్టులో వారిలో కొందరు నడుచుచుండగా అతడు తన అడుగు తాను వేయుచు పోయెను. 7 నిమిషముల 38 సెకండ్లకు గీత దాటెను. తన పాత లెక్కకంటె దాదాపు ఒకటిన్నర నిమిషము ఆలస్యము. ఆ వార్త ఫోనులో చెప్పునప్పుడు అతని గొంతులో సిగ్గు లేదు.

కథ ఇక్కడ ఆపినయెడల మీకు సంతోషమగును. కాని నేను సత్యము చెప్పవలెను. జూన్ 1వ తేదీన తుది వ్రాతపరీక్ష జరిగెను. ఆగస్టులో ఎంపికైనవారి జాబితా వచ్చెను. దానిలో అతని పేరు లేదు. ఆ దినము నేను వారి యింటికి పోయి, ఏమి చెప్పవలెనో తెలియక, తల్లి యిచ్చిన టీ త్రాగుచు కూర్చుంటిని. అతడే మాటలాడెను.

“అయ్యగారూ, ఉద్యోగం రాలేదు గాని, ఒకటి వచ్చిందండీ. ఇంతకుముందు ఆగిపోతానేమోనని భయంగా ఉండేది. ఇప్పుడు ఆగినా మళ్లీ ఎట్లా మొదలుపెట్టాలో తెలిసింది. అది ఉంటే భయం లేదండీ.”

ఆ మాట విని నేను తల వంచుకొంటిని. ముప్పది ఏండ్లుగా నేను బోధింపదలచినది అతడు రెండు మాటలలో చెప్పెను. ఎన్నడును ఆగనివాడు ధన్యుడే. కాని మనలో అట్టివారు ఎందరు? అప్పు, రోగము, మరణము, పాపము, వాయిదా, వీటిలో ఏదో ఒకటి మన ప్రతివాని పరుగును ఎప్పుడో ఒకప్పుడు ఆపినది. ఆగకుండుట మన చేతిలో ఎల్లప్పుడు ఉండదు. తిరిగి మొదలుపెట్టుట, దానిని అబద్ధము లేకుండ మొదలుపెట్టుట, మన చేతిలో నున్నది.

కావున, ప్రియులారా, మీలో ఎవరైన ప్రార్థనను, చదువును, ఒక మంచి అలవాటును, లేక సోదరునితో మాటలాడుటను విడిచి చాలకాలమైనయెడల, రేపు ఉదయము మొదలుపెట్టుడి. పాత దినములలో గంటసేపు మోకరించితిరి గనుక గంటతోనే మొదలుపెట్టవలెనని అనుకొనకుడి. ఐదు నిమిషములు మోకరించుడి; ఎల్లుండియు ఐదు నిమిషములే మోకరించుడి. మాటలు మానిన సోదరునికి అరుగుమీదనుండి “బాగున్నావా?” అని అడుగుడి; పాత స్నేహమంతయు ఆ సాయంకాలమే తిరిగి రావలెనని కోరకుడి. ఎముక పెరుగనీయుడి. సంఘములోని బలవంతులారా, తిరిగివచ్చినవాని పాత వేగమును వాని ముఖముమీద జ్ఞాపకము చేయకుడి. బూట్లు వేసికొని, మీ అడుగు తగ్గించుకొని, వాని ప్రక్కన కొంతదూరము నడువుడి.

ఇప్పుడును తెల్లవారుజామున మాచెర్ల రోడ్డుమీద కాళ్ల చప్పుడు వినబడుచున్నది. కొత్త పిల్లలు వచ్చిరి. వారికి ముందుగా కాదు, వెనుకగా, అందరికంటె నెమ్మదిగా పరుగెత్తు క్రొత్తవాని ప్రక్కన మా బిడ్డ పోవుచున్నాడు. “మాట్లాడుతూ పరిగెత్తు తమ్ముడూ. మాట రావట్లేదంటే తగ్గించు,” అనుచున్నాడు.

ప్రభువా, మేము నిన్నటి బలమును బట్టి అతిశయింపకుండ, నేటి బలహీనతను బట్టి కృంగిపోకుండ, నీవు నేడు మాకిచ్చిన కాళ్లతో నేటి దారిలో నడుచునట్లు మాకు సహాయము చేయుము. ఆమేన్.